కుడి బటన్‌లో జడపిన్ను

చొక్కా జేబులు తడమకుండా నీళ్ళలో వేయకూడదని పెళ్ళయిన వారంలోనే అత్తగారు చెప్పింది. అప్పట్నుంచీ ఆమె తడుముతూనే ఉంది. బస్సు టికెట్లు, మడతలు పడ్డ చీటీలు, సగం కాల్చి ఆర్పిన సిగరెట్టు. ఆ ఉదయం భర్త చొక్కా కుడి చెయ్యి మోచేతి దాకా అట్టకట్టి ఉంది. అతని చెల్లెలి రక్తం. చన్నీళ్ళలో నానబెట్టాలి, వేణ్ణీళ్ళు పోస్తే మరక ఉండిపోతుంది. ఇలాంటివి ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. జేబులో చెయ్యి పెడితే ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే జడపిన్ను. నల్లది, ఒక కాలు వంకరపోయింది.

చెల్లెల్ని ఎత్తుకుని పరిగెత్తినప్పుడు ఆ పిల్ల తలలోంచి జారి జేబులో పడి ఉంటుందనుకుంది. కడిగి, తువ్వాలుకి తుడిచి, పక్కన పెట్టి, చొక్కా నానేసి, అద్దం ముందు నిలబడి జడ వేసుకోబోయింది. పెళ్ళయిన ఆరేళ్ళలో తన జడ తను వేసుకోవడం అదే మొదలు. ఆమె కుడి భుజం పైకి లేవదు. పెళ్ళికి ముందు ప్రెస్సు మీద పనిచేసినప్పుడు పట్టేసింది, మళ్ళీ వదల్లేదు. అందుకని రోజూ ఆడపడుచే వేసేది. ఫ్యాక్టరీలో అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు, నోరు మూతపడదని. ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడిపోయింది. వెనక నిలబడి పాయలు లాగుతూ "కదలకు వదినా, గుర్రానికైనా నీకంటే ఓపికెక్కువ" అనేది. జడ పూర్తయ్యాక వదిన తలలో ఒక పిన్ను పెట్టి, రెండోది తను పట్టుకుపోయేది. "ఇది నా వాటా. మా అన్నయ్య నిన్ను చూసి చేసుకున్నాడనుకుంటున్నావా? నీ జడపిన్ను చూసి చేసుకున్నాడు!"

ఆ మాట నిజమే. ఆ ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు చేస్తారు. రేకు ముక్క పెట్టి బటన్లు నొక్కితే ప్రెస్సు పైనుంచి దిగి, మూత కొట్టి, లేస్తుంది. బటన్లు రెండు. కుడివైపొకటి, ఎడమవైపొకటి, మధ్య మూరెడు దూరం. రెండూ ఒకేసారి నొక్కితేనే దిగుతుంది. ఆమె పనిలో చేరిన రోజున ఫిట్టర్ తాత విడమరిచి చెప్పాడు: "రెండు చేతులూ బటన్ల మీదుంటే, నలగడానికి మూడో చెయ్యి లేదు కదమ్మా. అందుకని." ఆమెకి బాగానే అర్థమైంది. కానీ పూటకి తొమ్మిది వందల మూతలు కొట్టందే కుర్చీ వదలనిచ్చేవాళ్ళు కాదు. ఇంటి దగ్గర తల్లి మంచంలో ఉంది. తను వెళ్ళి పొయ్యి వెలిగిస్తే గానీ ఎవరికీ ముద్ద దిగదు. మీసాలొచ్చిన తమ్ముళ్ళిద్దరూ గుమ్మంలో కూర్చుని అక్క కోసం ఎదురుచూసేవాళ్ళు, గిన్నెలు ఎక్కడుంటాయో తెలియనట్టు. ఒకరోజు తలలోంచి పిన్ను తీసి కుడి బటన్ అంచున దూర్చింది. బటన్ లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇక ఎడమచేత్తో ఒక్కటి నొక్కితే చాలు. కుడిచేయి ఖాళీ, ఆ చేత్తో మూత తీసి ఇంకో రేకు పెట్టొచ్చు. ఆ రోజు గంట ముందే ఇంటికి వెళ్ళింది. వారం తర్వాత సూపర్‌వైజర్ వచ్చి వెనక నిలబడ్డాడు. తిడతాడనుకుంది. "తెలివైనదానివే" అన్నాడు. ఆమెని ఎవరైనా ఆ మాట అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ ఒక్క మాట మీదే ఆమె పెళ్ళి నడిచింది. మర్నాడు అతను షెడ్డులో ఆడవాళ్ళందరికీ పిన్ను ఎక్కడ పెట్టాలో చూపించాడు. అందరూ గంట ముందే లేచి వెళ్ళారు, ఒక నెలపాటు. తర్వాత తొమ్మిది వందలు పదమూడు వందలయ్యాయి. మళ్ళీ ఎవరూ ముందు వెళ్ళలేదు. షెడ్డులో ప్రతి ఆడదాని తలలోనూ ఒక పిన్ను తక్కువ, అంతే మిగిలింది.

పెళ్ళయ్యాక "సూపర్‌వైజర్ పెళ్ళాం మెషిన్ మీదేంటి" అని అతనే ఆమెని దెబ్బలకి కట్టుకట్టే గదిలో కూర్చోబెట్టాడు. దూది, కట్టుగుడ్డ, ఒక బల్ల, దెబ్బల రిజిస్టరు. ఆమె సీటు ఆడపడుచుకి దక్కింది. మూడో ప్రెస్సు. నిన్న మధ్యాహ్నం ఆ ప్రెస్సు మీదే పిచ్చుక కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి.

జడ ఎలాగో అయిందనిపించి, ఆ వంకర పిన్నే దానికి పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. ఆసుపత్రిలో ఉన్న అత్తగారికీ పిల్లకీ ఒక డబ్బా, భర్తకొకటి, తనకొకటి. అతను కంచం ముందు కూర్చుని తల వంచుకుని తింటున్నాడు. రాత్రంతా పడుకోలేదు. కళ్ళ కింద వాచి ఉంది. ఆమెకి జాలేసింది.

"నాలుగింటికల్లా దెబ్బల రిజిస్టరుని ఆఫీసులో ఇవ్వాలి. ఇంట్లో, కూర తరుగుతుండగా అని రాసేయ్. ఎక్కువ రాయకు. ఎక్కువ రాస్తే అబద్ధంలా ఉంటుంది. ఆసుపత్రిలో కూడా అదే చెప్పాను."

"రెండు వేళ్ళండీ. కూర తరిగితే రెండు వేళ్ళు పోతాయా?"

"పోనీ గ్రైండర్ అని రాయి. కొంచెం ఉప్పు అందుకో."

ఉప్పు అందించింది.

"అది నా చెల్లెలు కాదా? నాకు బాధ లేదనుకుంటున్నావా?" అన్నాడు తలెత్తకుండా. "ఇవాళ్టితో బోర్డు మీద ఏడువందల ముప్పై. రెండేళ్ళు. రేపు ఓనరు వస్తాడు, నన్ను మేనేజర్‌ని చేస్తానన్నాడు. ఆ పిల్లని జీవితాంతం నేనే చూసుకుంటాను. మేనేజర్నయితే ఇంకా బాగా చూసుకుంటాను. అయినా నీ గుండ్రటి దస్తూరి చూస్తే ఎవరికీ అనుమానం రాదులే."

ఆ మెచ్చుకోలు ఆమె ఇంతకుముందూ విన్నది. ఇన్నాళ్ళూ కాస్త సంతోషించింది కూడా.

ఫ్యాక్టరీ గేటు లోపల గోడకి రెండేళ్ళ కింద పెట్టిన పెద్ద బోర్డు. "ప్రమాదం లేని రోజులు" అని పైన రాసుంటుంది. కింద మూడు మేకులు, వాటికి అంకెల రేకు పలకలు. రోజూ పొద్దున్నే పలకలు మార్చడం ఆమె పనే. జీతం కాగితంలో ఆ పని ప్రస్తావన ఉండదు. అక్కడ నిలబడేసరికి చేతులు వాటంతటవే కదిలాయి. ఏడు అలాగే ఉంది. రెండు తీసి మూడు పెట్టింది. తొమ్మిది తీసి సున్నా పెట్టింది. లోపలికి వెళ్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఆ అంకె చూసి, ఆమె మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఒక్కరైనా తిడితే బాగుండనిపించింది.

షెడ్డులో మూడో ప్రెస్సు మీద శుభ్రమైన గోనెగుడ్డ కప్పి ఉంది. కింద నేల కడిగిన తడి. ఫిట్టర్ తాత పక్కనే స్టూలు మీద కూర్చుని, ఉత్త చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"మీ ఆయన దీన్ని ఇప్పుడే నడపమన్నాడమ్మా. ఫ్యూజు కనబడ్డం లేదు. పొద్దుట్నుంచీ వెతుకుతున్నా. నాలుగు లోపల దొరికేట్టు లేదు." అతని పైజేబు ఒకవైపు బరువుగా వేలాడుతోంది. "నాలుగు దాటితే మాత్రం దొరక్క తప్పదు. ముసలాణ్ణి, అంతకుమించి వెతకలేను."

ఆమెకి అర్థమైంది. ఫ్యాక్టరీలో దెబ్బ తగిలిందని రిజిస్టరులో రాస్తే ఆ మెషిన్ ఆగిపోతుంది. తనిఖీ వాళ్ళు వచ్చి, చూసి, సరేనన్నాకే మళ్ళీ తిరగాలి. ఇంట్లో తగిలిందని రాస్తే ఏదీ ఆగక్కర్లేదు. సాయంత్రం పూటకి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

గదిలోకి వెళ్ళి రిజిస్టరు తెరిచింది. కొత్త పేజీ తీయబోయి, ఎందుకో పాతవి తిప్పింది. అన్నీ తన రాతే. "ఇంట్లో, కూర తరుగుతుండగా." "ఇంట్లో, గ్రైండర్ కడుగుతుండగా." "ఇంట్లో, గాజుగ్లాసు పగిలి." ఆరేళ్ళలో పదకొండు మంది. పదకొండు మందీ ప్రెస్సుల మీద కూర్చునేవాళ్ళే. అందరూ ఆడవాళ్ళే. అందరికీ కుడిచెయ్యే. ఇన్నాళ్ళూ ఒక్కొక్కటిగా రాసింది కాబట్టి ఒక్కొక్కటిగానే కనబడ్డాయి. ఇంకొకటి, "ఇంట్లో, తలుపు సందులో బొటనవేలు పడి." అది నవ్వులక్కది. దేనికైనా నవ్వే మనిషి. కట్టుకట్టించుకుంటూ ఆ వాక్యం చదివి ఆ నొప్పిలోనే పకపకా నవ్వింది. "మా ఇంటికి తలుపెక్కడిది తల్లీ, పాత దుప్పటి కట్టుకున్నాం. సరేలే, నీ పుణ్యమా అని తలుపున్న ఇల్లాలినయ్యా." ఆమె కూడా నవ్వింది అప్పుడు. తన మోచేతి మీద ఒక కాలిన మచ్చ ఉంది, కిందటి నెల కుక్కర్ ఆవిరి కొట్టింది. నిజంగా ఇంట్లో తగిలిన దెబ్బ అదొక్కటే. దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. "చూసుకోవద్దూ" అన్నాడు భర్త. అంతే. ఆమె అన్నం వడ్డించింది.

మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. చూడ్డానికి వచ్చే వేళ దాటిపోయింది. అయినా నర్సు పక్క మంచం దగ్గరి స్టూలు కాలితో ఇటు తోసి వెళ్ళిపోయింది. అత్తగారు కూతురి ఎడమచేతి గోళ్ళు తీస్తోంది. ఉన్న అయిదు గోళ్ళూ ఎంతో నెమ్మదిగా, ఎంతకీ అవగొట్టకుండా. కుడిచేయి పెద్ద తెల్లటి మూటలా దిండు మీద ఉంది.

"వదినా, జడ ఎవరు వేశారు?" అంది పిచ్చుక. గొంతు అరిగిపోయినట్టుంది, మాటలు మాత్రం పాతవే. "పిల్లి పీకినట్టుంది."

"నేనే."

"తెలుస్తూనే ఉంది. తిరుగు. ఎడంచేత్తో సరిచేస్తా."

ఆమె వెనక్కి తిరిగి మంచం అంచున కూర్చుంది. ఒక్క చెయ్యి జుట్టులో కాసేపు తడబడింది. పాయ పట్టుకుంటే ఇంకో పాయ జారిపోయింది. తర్వాత వేళ్ళు పిన్ను దగ్గర ఆగాయి.

"ఇది ఎక్కడ దొరికింది నీకు?"

"మీ అన్నయ్య చొక్కా జేబులో. నీ తలలోంచి జారిందేమో."

"తలలోది కాదు వదినా. బటన్‌లోది. చూడు, కాలు వంకరపోయింది." పిచ్చుక వేలితో ఆ వంకర తడిమింది. "చెయ్యి లోపల ఇరుక్కుపోయి ఉంది. అన్నయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను పట్టుకుంటాడనుకున్నా. ముందు పిన్ను పీకాడు. పీకి, జేబులో వేసుకుని, అప్పుడు పట్టుకున్నాడు." మళ్ళీ తనే సర్దిచెప్పింది. "భయపడ్డాడు పాపం. చేతులు వణుకుతున్నాయి. ఆ కంగారులో ఏం చేస్తున్నాడో తెలీలేదులే."

గోళ్ళు తీసే చప్పుడు ఆగిపోయింది.

ఆమె తిరగలేదు. తిరిగితే మొహాలు చూడాలి. పొద్దున ఆ పిన్నుని కడిగి, తుడిచి, తలలో పెట్టుకోవడం గుర్తొచ్చింది. తల మీద అది ఉన్నచోట చర్మం మండుతున్నట్టుంది.

"ఏం రాయమన్నాడు వాడు?" అడిగింది అత్తగారు.

"ఇంట్లో, కూర తరుగుతుండగా అని."

"నా వంటింట్లోనా?"

అత్తగారు గోరుకత్తెర మంచం మీద పెట్టేసింది.

"ముప్పై అయిదేళ్ళుగా ఆ వంటింట్లో ఇద్దర్ని పెంచాను. ఒక్కరికీ గోరంత గాటు పడనివ్వలేదు." అత్తగారు గోళ్ళ ముక్కలు అరచేతిలోకి తీసుకుని పిడికిలి బిగించింది. "వాడూ నా కడుపున పుట్టినవాడే అమ్మాయ్. నేనేమీ చెప్పలేను. నన్నడక్కు."

"ఇంట్లో అనే రాయి వదినా," అంది పిచ్చుక. "అన్నయ్య మేనేజర్ అవుతాడు. నా వేళ్ళు ఎలాగూ తిరిగి రావు కదా. నీ జడ ఇక నువ్వే నేర్చుకో. అదొక్కటే బెంగ."

తిరిగి వచ్చేసరికి మూడున్నర. రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని కూర్చుంది. స్థలం అన్న గడి, కారణం అన్న గడి. అతను వణికాడట. వణుకుతున్న చేతులకి కూడా ముందు ఏం చేయాలో తెలిసింది. ఆరేళ్ళు పక్కన పడుకున్న మనిషి. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, జ్వరమొస్తే మాత్ర తెచ్చిస్తాడు. తను కనుక ఆ ప్రెస్సు మీద ఉండి ఉంటే, ఆ రెండు వేళ్ళూ తనవే అయితే, అప్పుడు కూడా ముందు పిన్నే పీకేవాడు. పీకి, ఏడ్చేవాడు. నిజంగానే ఏడ్చేవాడు. అది తలుచుకుంటే కోపం రాలేదు. ఇంట్లో అందరూ వెళ్ళిపోయాక తలుపు వేసినప్పుడు వచ్చేలాంటి నిశ్శబ్దం వచ్చింది.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కొత్తగా చేరిన అమ్మాయి, నెల కూడా కాలేదు. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని ఉంది.

"అక్కా, మీ దగ్గర జడపిన్ను ఏమైనా ఉందా? సాయంత్రం పూట నన్ను మూడో ప్రెస్సు మీద వేశారు. పిన్ను తెచ్చుకోమన్నారు. నా తలకి పిన్నులతో పనేముంది చెప్పండి, ఎప్పుడూ కొన్లేదు." నవ్వింది. "ఒక్కటిస్తే రేపు కొత్తది తెచ్చిచ్చేస్తాను."

"అంత తొందరెందుకు నీకు?" అంది ఆమె. ఎందుకు అడిగిందో తనకే తెలియదు.

"చంటిదాన్ని పక్కింటావిడ దగ్గర వదిలొచ్చానక్కా. పదమూడు వందలు త్వరగా అయిపోతే కాస్త ముందు..."

ఆమె చెయ్యి తలలోకి వెళ్ళింది. భుజం కలుక్కుమంది. పిన్ను తీసింది. జడ ఊడి భుజాల మీద పడింది. పిన్నుని ఆ అమ్మాయికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టింది.

"నువ్వు ఇంటికెళ్ళు. ఆ ప్రెస్సు ఇవాళ నడవదు."

"సార్ ఫిట్టర్ తాతని ఫ్యూజు వేసేయమన్నారే?"

"నడవదు. వెళ్ళు, పిల్ల ఏడుస్తుంటుంది."

ఆ అమ్మాయి వెళ్ళాక రాసింది. అదే గుండ్రటి దస్తూరి. స్థలం: మూడో నంబరు ప్రెస్సు. కారణం: కుడి బటన్‌లో జడపిన్ను పెట్టి నడపడం వల్ల ఒక చెయ్యి ప్రెస్సు కింద ఉండిపోయింది. షెడ్డులో అన్ని ప్రెస్సులూ ఇలాగే నడుస్తున్నాయి. సూపర్‌వైజర్‌కి తెలుసు. అక్కడ ఆగింది. ఆగి, ఇంకో వాక్యం చేర్చింది. ఈ పద్ధతి షెడ్డులో మొదట మొదలుపెట్టింది ఈ రిజిస్టరు రాస్తున్న నేను. కింద సంతకం పెట్టి, ఆ వంకర పిన్నునే పేజీ అంచుకి గుచ్చింది.

తర్వాత గేటు దగ్గరికి నడిచింది. ఏడు తీసింది, మూడు తీసింది. చివరి సున్నాని ఉంచి, దాని పక్కన ఇంకో రెండు సున్నాలు తగిలించింది. ఆ పలకలు చాలాకాలంగా వాడక దుమ్ము పట్టి ఉన్నాయి. తుడిచి మరీ పెట్టింది.

గదికి వచ్చి కూర్చున్న కాసేపటికి, బోర్డు చూసిన భర్త వచ్చాడు. అతని వెనక షెడ్డు ఆడవాళ్ళు కొందరు, పని ఆపేసి. ఫిట్టర్ తాత అందరికంటే వెనక, పైజేబు మీద చెయ్యి పెట్టుకుని.

"ఏం చేశావే? మతి పోయిందా నీకు?" బల్ల మీది పేజీ చదివాడు. పిన్ను చూశాడు. "నీ గురించి కూడా రాసుకున్నావా! నిన్ను ఆ రోజు తెలివైనదానివి అన్నానే. ఏమైంది ఆ తెలివి?"

"అది తెలివి కాదండీ. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలన్న తొందర."

"ఈ పేజీ చింపెయ్. ఇంకా అయిదు నిమిషాలుంది. రెండేళ్ళు కష్టపడ్డానే!"

ఆమె రిజిస్టరు మీద రెండు చేతులూ పెట్టింది. మూరెడు దూరంలో, రెండు వైపులా. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ నీళ్ళు కూడా నిజమైనవే అని ఆమెకి తెలుసు. ఇవాళ ఆ ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందో, అసలు ఆ ఇంటికే వెళ్తుందో లేదో తెలియదు. రేపు పొద్దున జడ వేసుకోవాలి, పిచ్చుకకీ వేయాలి. అంతవరకే తెలుసు.

అప్పుడు గుమ్మంలో అలికిడయింది. నవ్వులక్క లోపలికి వచ్చింది. సగం బొటనవేలున్న కుడిచేత్తో సూపర్‌వైజర్ భుజాన్ని కొంచెం పక్కకి నెట్టి, బల్ల ముందుకి వచ్చి నిలబడింది.

"పాత పేజీలు తియ్యి తల్లీ," అంది. "మా ఇంటికి తలుపు లేదు. ముందు అది కొట్టేసి రాయి."

ఈసారి నవ్వులక్క నవ్వలేదు.